విమానం పోయేదాకా

ఉపేందర్ సార్ గొంతుకు మైకు అక్కర్లేదని ఆ బడిలో అందరికీ తెలుసు. ప్రార్థన వేళ మైకు మొరాయిస్తే హెడ్మాస్టరు బాగుచేసేవాళ్ల కోసం చూడరు, ఆయన్నే మెట్ల మీదికి పిలుస్తారు. శంషాబాద్ పక్కన, విమానాలు కిందికి దిగే దారిలో ఉన్న ఊరది. తెల్లారింది మొదలు నెత్తి మీంచి ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. కిటికీ రెక్కలు గడగడలాడతాయి, లెక్కల మేడమ్ సగం ఎక్కంలో ఆగిపోతుంది. ఉపేందర్ మాత్రం ఆగడు. విమానంతో పంతం పట్టినట్టు గొంతు ఇంకాస్త పెంచుతాడు. ఆయనది మైలార్‌దేవ్‌పల్లి. రోజూ బండి మీద వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే మనిషికి ఊరి అలవాట్లు అంత తొందరగా అబ్బవు.

ఆయన ఆ బడి వ్యాయామ ఉపాధ్యాయుడు, అసలు కబడ్డీ మనిషి. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పాలని పైనుంచి మాట వచ్చినప్పుడు, మెత్తటి బంతితో ఆడే పిల్లల ఆట కాబోలని ఒప్పేసుకున్నాడు. బంతి చేతికొచ్చాక గాని అదెంత గట్టిదో తెలియలేదు. ఫోన్లో వీడియోలు చూసి తాను నేర్చుకుని, మర్నాడు పిల్లలకు నేర్పాడు. అలా నేర్చిన జట్టే ఈ ఏడు జిల్లా ఫైనల్‌కు వచ్చి కూర్చుంది. బడి బడంతా ఉబ్బితబ్బిబ్బవుతోంది. ఉపేందర్‌కు మాత్రం అన్నం సయించడం లేదు. కారణం అనుపమ.

అనుపమ పదో తరగతి. జట్టులో క్యాచర్. బ్యాటు పట్టిన పిల్ల నిలబడే ప్లేటు వెనక గొంతుక్కూర్చుని, పిచర్ కవిత విసిరిన బంతిని పట్టుకుని, మళ్లీ కవితకు అందించాలి. ఆటలో ఇంతకంటే తేలిక పని ఇంకోటి లేదు. ఆ తేలిక పనే ఆ పిల్లకు చేతకాకుండా పోయింది. దూరాన రెండో బేస్‌కు పరిగెత్తే పిల్లను ఔట్ చేయాలంటే గురి తప్పదు. ఎదురుగా నిలబడ్డ కవితకు నిదానంగా వేయమంటే బంతి ఆమె తల మీంచి పోతుంది, లేదంటే ఆమె కాళ్ల ముందు మట్టిలో పడుతుంది.

సెమీఫైనల్‌లో మొదలైంది ఇది. మూడో బేస్ మీద అవతలి జట్టు పిల్ల కాచుకుని ఉంది. అనుపమ బంతి వేయబోతుంటే బయటి నుంచి ఉపేందర్ "చూసి ఎయ్" అని అరిచాడు. చెయ్యి లేచాక వచ్చింది ఆ మాట. బంతి గాల్లో ఎక్కడికో పోయింది, మూడో బేస్ పిల్ల ప్లేటు దాకా ఉరికొచ్చి పరుగు తీసుకుంది. ఎలాగో గెలిచారు గాని, ఆ తర్వాత ఊళ్లో ఎవరి నోట విన్నా ఆ బంతి ముచ్చటే. అదే ఆటలో కవిత వరసగా బంతులు పక్కకు విసిరింది, సరిత చేతిలోకొచ్చిన క్యాచ్ జారవిడిచింది. అవెవరికీ గుర్తు లేవు. తప్పులన్నీ మూటగట్టి ఒక్క అనుపమ నెత్తిన పెట్టేశారు. పైగా అందరూ దానికి సాయం చేసేవాళ్లే. అది బంతి పట్టుకుంటే చాలు, చుట్టూ ఉన్న పిల్లలు "జర చూసి", "నిమ్మళంగ", "మోచెయ్యి లేపు" అని ప్రేమగా మొదలుపెడతారు. అందరికంటే ముందు సార్ గొంతు వినిపిస్తుంది. ఈ మధ్య ఆ పిల్ల బంతి వేయడమే మానేసి, సగం దూరం నడిచి వెళ్లి కవిత చేతిలో పెట్టి వస్తోంది. ఫైనల్‌లో అంపైర్ ఆ నడకలు సాగనివ్వడు.

ఆదివారం ఫైనల్. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఏరే పెద్దమనుషులు వచ్చేది ఆ రోజే. అనుపమకు బడిలో ఇదే ఆఖరి ఏడు. ఆదివారం ప్లేటు వెనక కూర్చోకపోతే ఇంకెప్పుడూ కూర్చోదు. ఆ సంగతి దానికీ తెలుసు, ఉపేందర్‌కూ తెలుసు. హెడ్మాస్టరు మాత్రం తేల్చి చెప్పేశారు. సరితను క్యాచర్‌గా పెట్టండి, గొప్పగా పట్టకపోయినా బంతిని బుద్ధిగా తిరిగి ఇస్తుంది కదా అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఉపేందర్‌కు ఏమీ దొరకలేదు.

*

బుధవారం నగరంలో వ్యాయామ ఉపాధ్యాయులందరికీ ఒక పూట శిక్షణ పెట్టారు. ఆటగాళ్ల మనసుకు తర్ఫీదు ఇవ్వడం ఎలాగన్నది విషయం. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని మధ్యాహ్న భోజనం దాకా ఓపిక పట్టే ఉపేందర్ ఆ రోజు ముందు వరసలో కూర్చున్నాడు. పాఠం చెప్పిన మేడమ్ కోస్తా మనిషి. మెల్లగా, ఒక్కో మాటకూ చోటిచ్చి మాట్లాడింది. అందర్నీ కళ్లు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెట్టమంది. ఉపేందర్ ఒక కన్ను తెరిచి చూస్తే పక్కనున్న వాలీబాల్ సార్ కూడా ఒక కన్నుతో ఇటే చూస్తున్నాడు. ఇద్దరూ గబుక్కున మూసుకున్నారు.

ఊపిరి ఎలా తీసుకోవాలి, చేయబోయే పనిని మనసులో ముందే ఎలా చూసుకోవాలి, తడబడినప్పుడు తమకు తాము ఏ మాట చెప్పుకోవాలి, ఇవన్నీ మేడమ్ వివరించింది. చివర్లో ఉపేందర్ లేచి, తన జట్టులో ఒక అమ్మాయికి చెయ్యి రావడం లేదని, ఈ మూడింట్లో ఏది వాడాలో చెప్పమని అడిగాడు. దవాఖానలో మందు అడిగినట్టే అడిగాడు. ఆమె నవ్వలేదు.

"ముందు ఆ అమ్మాయిని మైదానం బయట చూడండి. ఎక్కడ తేలిగ్గా ఉంటుందో గమనించండి. తర్వాత చెబుదురుగాని" అంది.

ఆ జవాబు ఉపేందర్‌కు తప్పించుకున్నట్టు అనిపించింది. ఆదివారం పోటీ పెట్టుకుని గమనిస్తూ కూర్చుంటే కుదురుతుందా. మూడూ ఒకేసారి వాడితే తొందరగా పనిచేస్తుందని బండి మీద వస్తూ నిర్ణయించుకున్నాడు.

గురువారం సాయంత్రం పిల్లలందర్నీ వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. వదిలేలోపు విమానం వచ్చింది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఉపేందర్ దానికి పైన గొంతేసి "ప్రశాంతంగా ఉండాలె, మనసు ప్రశాంతంగా పెట్టాలె" అని అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. విమానం పోయేసరికి ఇద్దరు పిల్లలు మోకాళ్లలో తల పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు. ఒకతి నిజంగానే నిద్రపోయింది.

తర్వాత అనుపమను ఒక్కదాన్నే ప్లేటు వెనక కూర్చోబెట్టాడు. బంతి పట్టగానే లోపలికి ఊపిరి తీసుకోవాలి. బంతి కవిత గ్లౌజులో పడుతున్నట్టు ఊహించుకోవాలి. నేను వేయగలను అని మనసులో అనుకోవాలి. మోచెయ్యి లేపాలి. చూసి వేయాలి. అనుపమ అన్నిటికీ తలూపింది. ఎప్పుడూ తలూపే పిల్లే అది. కవిత విసిరిన బంతి పట్టింది, మొహం మీది ఇనుప జాలీ మాస్కు పైకి నెట్టింది, ఊపిరి తీసుకుంది. కళ్లు మూసి తెరిచింది. పెదాలు కదిలాయి. మోచెయ్యి లేపింది. ఇన్ని పనులు అయ్యేసరికి భుజం కర్రలా బిగుసుకుపోయింది. అంతలో ఉపేందర్ నోట్లోంచి "చూసి" అన్న మాట దానంతటదే వచ్చేసింది.

బంతి కవితను దాటి, ప్రహరీ పక్కన మధ్యాహ్నం వంట గిన్నెలు తోముకుంటున్న లచ్చమ్మ దగ్గరికి పోయి సాంబారు గుండిగకు తగిలి ఠంగుమంది. బడిలో అన్నం వండే లచ్చమ్మకు పిల్లల మీద ఎంత ప్రేమో సార్ల మీద అంత చనువు. బంతి తీసుకుని తానే వచ్చింది.

"సారూ, ఆ పోరి చేతికి ఏం కాలే. నువ్వు జెర నోరు మూస్తె అదే ఏస్తది" అంది.

పిల్లల ముందు అంత మాట అనేసరికి ఉపేందర్‌కు కోపం వచ్చింది. వంట సంగతి నువ్వు చూసుకో, ఆట సంగతి నేను చూసుకుంట అని పంపేశాడు. అనుపమ మాస్కు కిందికి దించుకుని ప్లేటు మీది మట్టిని కాలితో సాపు చేస్తూ ఉండిపోయింది. ఏడుస్తోందేమో ఆ మాస్కులోంచి తెలియలేదు. తెలుసుకోవడానికి ఉపేందర్ దగ్గరికి పోలేకపోయాడు. మనసుకు తర్ఫీదు ఇచ్చిన మొదటి రోజే ఉన్నది కాస్తా చెడగొట్టానని ఆయనకు తెలిసిపోయింది, సిగ్గేసింది.

*

సరితనే పెట్టాలనుకున్నాడు. ఆ మాట అనుపమ తండ్రికి ముందు చెప్పడం మర్యాద అనిపించి, శుక్రవారం బడికి ముందే వాళ్ల చేను దగ్గర బండి ఆపాడు. తండ్రి జంగయ్య చామంతులు పెడతాడు. పొద్దున్నే కోసి మూటలు కట్టి పూల మార్కెట్‌కు పంపాలి. ఇంటిల్లిపాదీ చేన్లోనే ఉన్నారు. నాయనమ్మ రుక్కమ్మ గట్టు మీద కూర్చుని పూలలోంచి ఆకులు ఏరుతోంది. జంగయ్య ఒక సాలులో, అనుపమ ఇరవై సాళ్ల అవతల ఒడి కట్టుకుని కోస్తున్నారు. సార్‌ను చూసి పిల్ల ఒడిలో పూలు సర్దుకుంటున్నట్టు తల దించేసుకుంది. ఆయన ఎందుకొచ్చాడో అది అప్పుడే పసిగట్టింది.

జంగయ్య నడుం ఎత్తి నమస్తే పెట్టాడు. ఛాయ్ తాగిపోవాలన్నాడు. ఈసారి పూలకు ధర బాగుందని, ముసురు పట్టకుంటే ఇంకో కోత వస్తుందని చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి అరచెయ్యి పైకెత్తి ఆపేశాడు. విమానం. రుక్కమ్మ నోరూ ఆగింది. చేతులు మాత్రం ఆగలేదు. ఉపేందర్ తన అలవాటు కొద్దీ అదే అదును అనుకుని, ఆదివారం సరితను పెడదామనుకుంటున్నానని, అనుపమ మనసు కష్టపెట్టుకోవద్దని, ఇది ఎవరి తప్పూ కాదని గట్టిగా చెప్పేశాడు. విమానం పొట్ట నెత్తి మీంచి నిదానంగా పోయింది. జంగయ్య ఆయన పెదాల కేసి జాలిగా చూస్తూ నిలబడ్డాడు. ఎండలో గొడుగు ఉండీ వేసుకోని మనిషిని చూసినట్టు చూశాడు.

చప్పుడు తగ్గగానే జంగయ్య, "కోత వస్తది గని కూలోళ్లు దొరుకుతలేరు సార్" అన్నాడు. సరిగ్గా వదిలిన చోటే అందుకున్నాడు.

అంటే తాను చెప్పినదంతా గాలికి పోయింది. ఇది ఊరందరికీ ఉన్న పద్ధతేనని ఉపేందర్‌కు తెలుసు. హోటల్ దగ్గర చూశాడు, పంచాయతీ ముందు చూశాడు. తగువులాడుకునేవాళ్లు కూడా విమానం వస్తే చెయ్యెత్తి ఆగి, అది పోయాక మిగిలిన సగం తిట్టు తిట్టుకుంటారు. ఇన్నేళ్లూ వింతగానే చూశాడు తప్ప తాను ఒక్కసారి కూడా ఆగలేదు. మళ్లీ మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాడు. ఇంకో విమానం వచ్చింది. ఈసారి మాట వృథా చేసుకోవడం ఇష్టం లేక, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు.

ఆగడం కొత్త గనుక ఏం చేయాలో తోచలేదు. నోటికి పని లేకపోయేసరికి కళ్లు చుట్టూ చూశాయి. జంగయ్య చెమట తుడుచుకుని, బొటనవేలు నోటి దగ్గర పెట్టి మంచినీళ్లు అన్నట్టు సైగ చేశాడు. ఆ సాళ్ల అవతల అనుపమ దగ్గర నీళ్ల సీసా ఉంది. పిల్ల ఆ సైగ చూసింది. సగం నిండిన సీసా నడుము దగ్గర పట్టుకుంది. పైన విమానం పోతోంది. దాని భుజాలు వదులుగా దిగాయి, ఛాతీ ఒకసారి నిండి ఖాళీ అయింది. ఎవరూ ఏమీ చెప్పడం లేదు, చెప్పినా వినపడదు. చెయ్యి అలా ఊగింది. సీసా చామంతుల మీంచి వచ్చి జంగయ్య అరచేతిలో పడింది. ఆయన చెయ్యి చాపి ఉంచడం తప్ప కదలనైనా కదల్లేదు. పిల్ల అప్పటికే వంగి మళ్లీ పూలు కోస్తోంది.

ప్లేటుకూ పిచర్‌కూ మధ్య ఎంత దూరమో వాళ్లిద్దరి మధ్యా ఇంచుమించు అంతే ఉంది. బరువు లెక్కన చూస్తే సీసా బంతి కంటే కష్టం. పిల్లకు ఎక్కడ తేలిగ్గా ఉంటుందో చూడమన్న మేడమ్ మాట అప్పుడు లోపలికి దిగింది. ఊపిరి ఎలా తీసుకోవాలో తాను నిన్న అరిచి అరిచి చెప్పిన పిల్ల, ఆ పని పుట్టినప్పటి నుంచీ రోజంతా చేస్తూనే ఉంది. విమానం నీడలో దాన్ని ఎవరూ పలకరించరు. అది కూడా తనను తాను పలకరించుకోదు.

జంగయ్య నీళ్లు తాగి సీసా తిరిగి విసిరాడు. తర్వాత విమానం కోసం ఉపేందర్ జీవితంలో మొదటిసారి ఎదురుచూశాడు. అది రాగానే అనుపమ కేసి చూసి తనకూ నీళ్లు కావాలని సైగ చేశాడు. పిల్ల ఒక్క క్షణం తండ్రిని చూసి, సీసా విసిరింది. ఆయన చేతిలో వచ్చి పడింది. చల్లగా ఉంది సీసా. నీళ్లు తాగుతుంటే ఆయనకు ఎందుకో కళ్లు చెమర్చాయి, తల ఇంకాస్త ఎత్తి తాగాడు.

ఏదో చెప్పవచ్చినట్టున్నారే అని జంగయ్య గుర్తు చేశాడు.

"ఏం లేదు పటేలా. నీళ్లకే ఆగిన" అన్నాడు ఉపేందర్.

*

శనివారం పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టలేదు, కళ్లు మూయమనలేదు. అనుపమ చేతిలోకి బంతి రాగానే విమానం వచ్చినట్టే అనుకోవాలి, అది కవిత గ్లౌజులో పడేదాకా ఎవరూ నోరు మెదపకూడదు, అంతే అన్నాడు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. ఇంత చిన్న సంగతికి సార్ నగరం దాకా పోయి రావాలా అన్నట్టుంది ఆ నవ్వు. అయితే ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. కవిత బంతి విసిరింది, అనుపమ పట్టింది. పిల్లలందరూ ఉన్నచోట ఆగారు.

"చూసి" అన్నాడు ఉపేందర్.

బంతి మట్టిలో పడింది. పిల్లలందరూ ఆయన కేసి తిరిగారు. ఆయన చెవులు పట్టుకున్నాడు. మళ్లీ విసిరారు. ఈసారి మాట రాలేదు గాని "ఆఁ" అనే చప్పుడు వచ్చింది. ఇంకోసారి పెదాలు బిగబట్టుకుంటే చేతులు వాటంతటవే లేచి మోచెయ్యి చూపించాయి. జట్టంతా ఒక్క పూటలో నేర్చిన పాఠం సార్‌కు ఎక్కడం లేదు. కవిత దగ్గరికొచ్చి, మీరు గుడి దిక్కు తిరిగి నిలబడండి సార్ అని సలహా ఇచ్చింది. నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూడకుండా ఉండలేకపోయాడు.

చివరికి ఉపాయం లచ్చమ్మే చెప్పింది. మొన్నటి కోపం ఏమీ పెట్టుకోకుండా, వేయించిన పల్లీలు దోసెడు తెచ్చి ఆయన జేబులో పోసింది. బంతి అనుపమ చేతికి రాగానే నాలుగు పల్లీలు నోట్లో వేసుకోవడం, అది వేసేదాకా నమలడం. నోరు నిండుగా ఉంటే మాట రాదు. మొదట్లో కొన్ని బంతులు అటూ ఇటూ పోయాయి. కవిత ఎగిరి, వంగి అందుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎండ నెత్తికెక్కే వేళకు బంతి కవిత పొట్ట దగ్గరికే రావడం మొదలైంది. వేస్తున్న పిల్ల మొహంలో గొప్ప ఆనందమేమీ కనిపించలేదు. చేన్లో పూలు కోసేటప్పుడు ఉండే మొహమే. అది చూస్తే ఉపేందర్‌కు ఎంత హాయనిపించిందో చెప్పలేం.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి క్యాచర్ అనుపమే అన్నాడు. రేపు ఏమైనా అయితే మీదే బాధ్యత అన్నారాయన. మెత్తగానే ఒక మాట కూడా చేర్చారు. సరితను సిద్ధంగా ఉంచుకోండి, మధ్యలో మార్చుకోవచ్చు కదా. ఉపేందర్ సరేనన్నాడు. ఆయన లోపల కూడా ఆ భయం పూర్తిగా పోలేదు.

*

ఫైనల్ రావిర్యాల దగ్గరి మైదానంలో జరిగింది. విమానాలు అటు పోవడం లేదు. ఆకాశం ఖాళీగా, వెడల్పుగా ఉంది. అంత నిశ్శబ్దం ఉపేందర్‌కు పడలేదు. జంగయ్య, రుక్కమ్మ ఆటోలో వచ్చి తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. లచ్చమ్మ పల్లీల పొట్లం ఇచ్చింది. ఒక పక్క బల్ల దగ్గర జట్టును ఏరే పెద్దమనుషులు టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. మాస్కు, మోకాళ్ల పట్టీలు కట్టుకుని సరిత బయట తయారుగా ఉంది.

ఆట సాగుతున్నంతసేపూ ఉపేందర్ నములుతూనే ఉన్నాడు. అవతలి జట్టు కోచ్ అరుస్తున్నాడు, వాళ్ల పిల్లలు అరుస్తున్నారు, వాళ్ల ఊరి జనం పళ్లేలు వాయిస్తున్నారు. మన పిల్లలు మాత్రం బంతి అనుపమ చేతికి రాగానే బొమ్మల్లా ఆగిపోతున్నారు. బంతి కవితకు చేరుతోంది. ఎవరికీ అందులో విశేషం కనిపించలేదు, కనిపించకపోవడమే కావలసింది. అలా ఆఖరి ఇన్నింగ్స్ దాకా వచ్చారు. మనకు ఒక్క పరుగు ఆధిక్యం. అవతలివాళ్లకు ఇంకొక్క ఔట్ మిగిలింది. మూడో బేస్ మీద చురుకైన పిల్ల ఒకతి ముందుకు వంగి కాచుకుని ఉంది. బ్యాటు పట్టింది వాళ్లలో గట్టి పిల్ల.

ఉపేందర్ జేబులో చెయ్యి పెట్టాడు. పొట్టు తప్ప ఏమీ లేదు.

కవిత విసిరింది. బ్యాటు గాలిని కోసింది, ఒక స్ట్రైక్. అలాంటివి మూడైతే ఔట్. అనుపమ లేచి బంతి తిరిగి వేసింది. జనం ఒక్కసారిగా అరిచిన చప్పుడుకో ఏమో, బంతి తగ్గి కవితకు రెండడుగుల ముందు పడింది. మూడో బేస్ పిల్ల నాలుగు అంగలు ముందుకేసింది. కవిత ఒళ్లంతా అడ్డం పెట్టి బంతిని ఆపింది. ఆ పిల్ల వెనక్కి తగ్గింది. పరుగు రాలేదు. కాని సెమీఫైనల్ చూసినవాళ్లందరికీ అదే గుర్తొచ్చింది. హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచి సరిత కేసి చూశారు. సరిత మాస్కు నెత్తి మీదికి ఎక్కించుకుంది. తర్వాతి బంతికి కూడా బ్యాటు తగల్లేదు. బంతి అనుపమ గ్లౌజులో ఉంది. అది తిరిగి వేయాలి. దాని భుజం పైకి బిగుసుకోవడం అంత దూరం నుంచీ ఉపేందర్‌కు కనబడింది.

ఖాళీ నోరు ఆగలేదు. "అనుపమా, నువ్వు" అంటూ గీత దాకా వచ్చేశాడు. బయటికి రా అన్నది నాలుక చివర ఉంది.

అనుపమ కవిత కేసి చూడలేదు. ఆయన కేసి తిరిగింది. మాస్కు పైకి నెట్టి, బంతి లేని చేతిని, అరచెయ్యి తెరిచి ఆకాశం వైపు ఎత్తింది.

ఉపేందర్ ఆగాడు. కవిత ఆగింది. మైదానంలో మన పిల్లలందరూ ఉన్నచోట ఉన్నట్టే ఆగారు. తుమ్మచెట్టు కింద జంగయ్య రుక్కమ్మతో ఏదో అంటున్నవాడు మధ్యలో ఊరుకున్నాడు. అవతలి కోచ్ కంగారుగా తలెత్తి పైకి చూశాడు. ఆయన్ను చూసి వాళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు చూశారు. పైన ఒక గద్ద కూడా లేదు. పళ్లేల మోత దానంతటదే సన్నగిల్లింది. ఆ రాని విమానం ఎంతసేపు పోయిందో ఉపేందర్‌కు తెలియదు. తాను ఊపిరి తీసుకుని వదలడం మాత్రం తెలిసింది. అనుపమ భుజాలు దిగాయి. చెయ్యి దించింది. బంతి వేసింది. అది కవిత గ్లౌజులో చప్పుడు కూడా లేకుండా పడింది.

కవిత మళ్లీ విసిరింది. గట్టి పిల్ల ఒంటి బలమంతా పెట్టి ఊపింది. బంతి అనుపమ చేతిలో ఉంది. అంపైర్ పిడికిలి ఎత్తాడు. ఆట అయిపోయింది, గెలిచారు. ఆ బంతిని తిరిగి కవితకు వేయాల్సిన పని లేదు. అయినా అనుపమ వేసింది. కవిత అది పట్టుకుని, ఆ తర్వాతే పరిగెత్తుకుంటూ వచ్చి అనుపమ మీద పడింది.

అంతా గోలగోలగా గడిచింది. సరిత అందరికంటే ముందు లోపలికి ఉరికి, కట్టిన పట్టీలతోనే గంతులేసింది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బల్ల దగ్గర్నుంచి లేచొచ్చి, మీ క్యాచర్ పేరేంటని అడిగి, ఇంటిపేరు కూడా అడిగాడు. లచ్చమ్మ ఖాళీ పొట్లం చూసి, ఇగ ఈయనకు కిలోలెక్కన వేయించాల్నేమో అంది. హెడ్మాస్టరు వచ్చి ఉపేందర్ చెయ్యి పట్టుకుని ఊపారు.

సాయంత్రం అందర్నీ వ్యాన్లో ఊరి దగ్గర దించారు. పిల్లలు ఇళ్లకు చెదిరిపోయారు. అనుపమ గ్లౌజుల సంచి బడి గదిలో పెట్టడానికి సార్ వెంట వచ్చింది. తాళం వేస్తుంటే పక్కన నిలబడి, ఎప్పుడూ తలూపే పిల్ల ఆ రోజు తానే కదిపింది.

"సార్, గప్పుడు మీరేదో చెప్పవడితిరి. అనుపమా నువ్వు, అన్న కాడ ఆగిన్రు."

వదిలిన చోట అందుకోవడం ఊరి పద్ధతి. దాని ప్రకారం మిగిలిన మాట ఆయన బాకీ ఉన్నాడు. ఏం చెప్పబోయాడో ఆయనకు బాగా గుర్తుంది. దానికీ తెలిసే ఉంటుందని ఆ కళ్లు చూస్తే అర్థమైంది. ఉపేందర్ తాళంచెవి జేబులో వేసుకుని నోరు తెరిచాడు. అప్పుడే పడమటి నుంచి లైట్లు వేసుకుని విమానం వచ్చింది. ఆయన అరచెయ్యి పైకెత్తాడు. ఇద్దరూ వరండా మెట్ల మీద నిలబడి, అది బడి మీంచి, చామంతి చేన్ల మీంచి దిగిపోయేదాకా చూశారు. కిటికీ రెక్కలు గడగడలాడి ఊరుకున్నాయి.

"నువ్వు ఎయ్ బిడ్డా. నేను చూస్త" అన్నాడు.